చెయ్యి చాచితే అందేవారు



సెల్‌ఫోను వాడకాన్ని తగ్గించుకోవాలని చెప్పే వ్యాసాలు మీరు చాలా చదివే ఉంటారు. అటువంటివి నేనూ కొన్ని రాశాను. వాటన్నింటిలోనూ ముద్దాయిలు పిల్లలు, తీర్పు చెప్పేవారు పెద్దలు. ఈసారి ఆ వరుస మార్చదలిచాను. ఇందులో మొదటి ముద్దాయిని నేనే.

మూడేళ్ళ క్రిందటి మాట. పదవీ విరమణ చేసిన వైద్యునికి పగలు చాలా పొడుగు. ఆసుపత్రి లేదు, రోగుల వరుస లేదు, అర్ధరాత్రి తలుపు తట్టేవారు లేరు. ఆ ఖాళీలోకి స్మార్ట్‌ఫోను వచ్చి కూర్చున్నది. నాతో చదువుకున్నవారి వాట్సాప్ గ్రూపు ఒకటి, బంధువులది ఒకటి, కాలనీవారిది ఒకటి. ఎవరో రక్తపరీక్ష కాగితం ఫొటో తీసి పంపి, "ఒక్కసారి చూడండి డాక్టరుగారూ" అంటారు. మరెవరో ఫలానా ఆకు రసంతో మధుమేహం పూర్తిగా పోతుందని పంపుతారు. అది ఎందుకు తప్పో వివరంగా రాస్తాను. ఇదంతా ప్రజాసేవే అనుకున్నాను. కొంతవరకు సేవే.

ఒక ఉదయం వరండాలో కూర్చుని, ఎవరిదో కిడ్నీ పరీక్ష ఫలితానికి జవాబు రాస్తున్నాను. మా శ్రీమతి వచ్చి, "ఏమండీ, ఈమధ్య మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది" అన్నది. నేను తల ఎత్తకుండానే, "వయసు వచ్చింది కదా, మెల్లగా ఎక్కు" అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పది రోజుల తరువాత గుడికి బయలుదేరుతూ, చెప్పులు కాళ్ళకు పట్టక ఆమె అవస్థ పడుతుంటే పక్కింటావిడ చూసింది. నేరుగా నా దగ్గరకు వచ్చి, "అన్నయ్యగారూ, వదిన పాదాలు చూశారా?" అని అడిగింది.

చూడలేదు. అప్పుడు చూశాను. చీలమండ పైన బొటనవ్రేలితో నొక్కిపట్టి తీస్తే అక్కడ గుంట పడి అలాగే నిలిచిపోయింది. వైద్యవిద్యార్థి ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టిన తొలి రోజులలో నేర్చుకునే పరీక్ష అది. ఉద్యోగ జీవితంలో ఎన్ని వేల కాళ్ళమీద ఆ పరీక్ష చేశానో లెక్క లేదు. గుండె బలహీనపడి ఒంట్లోకి నీరు చేరుతున్నదని ఎకో పరీక్షలో తేలింది. మందులు మొదలుపెట్టాము. ఇప్పుడు ఆమె బాగున్నది. ఈ సంగతి రాయనా అని ఆమెనే అడిగాను. "రాయండి, పదిమందికి పనికివస్తుంది" అన్నది.

ఆ పది రోజులూ నేను ఊరు వెళ్ళలేదు. ఆమె వండిన అన్నమే తిన్నాను, ఆమె ఇచ్చిన కాఫీయే తాగాను. ఊరూ పేరూ తెలియనివారి రక్తపరీక్షలు చదివాను. నాలుగడుగుల దూరంలో నడుస్తున్న మనిషి పాదాలు చూడలేదు.

చూపు అనే వైద్యం

మా తరం వైద్యులకు పరికరాలు తక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టెతస్కోపు, రక్తపోటు యంత్రం, థర్మామీటరు ఉంటే ఘనం. కనుక కళ్ళతో, చేతులతో చూడటం నేర్చుకున్నాము. రోగి గుమ్మం దాటి బల్ల దగ్గరకు వచ్చేలోపు సగం సంగతి తెలిసేది. నడక ఎట్లున్నది, ఊపిరి ఏ వేగంతో ఉన్నది, క్రింది కనురెప్ప లోపల ఎరుపు ఉన్నదా, పాలిపోయిందా, మాట తడబడుతున్నదా అని చూసేవాళ్ళం.

నిజానికి ఈ విద్య మా సొత్తు కాదు. ప్రతి ఇంట్లోనూ ఇది ఉన్నదే. తల్లి నుదుటిమీద చెయ్యి వేసి జ్వరం చెబుతుంది. కోడలు, "అత్తయ్యా, నాలుగు రోజులుగా అన్నం సగం వదిలేస్తున్నారేమి?" అని అడుగుతుంది. ఈ ప్రశ్నల వల్ల ఎన్ని జబ్బులు తొలిదశలో బయటపడ్డాయో నేను ఉద్యోగంలో కళ్ళారా చూశాను. పక్షవాతం సంగతే తీసుకోండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు దానిని కరిగించే మందు ఉన్నది. సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే దానిని ఇవ్వాలి. మూతి ఒక పక్కకు వంకర పోవడం, ఒక చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం: వీటిని ముందుగా గమనించవలసినది ఎదుట కూర్చున్న ఇంటి మనిషి. ఆ మనిషి తల వంచుకుని తెర చూస్తూ ఉంటే, ఆ నాలుగున్నర గంటల గడియారం ఎప్పుడు మొదలైనదో చెప్పగలిగేవారే ఉండరు.

ఫోనులో ఎన్ని గంటలు గడిపామన్నది ఒక లెక్క. ఆ గంటలు దేనిని తోసివేసి వచ్చాయన్నది అసలు లెక్క. ఈ వ్యాసమంతా ఈ ఒక్క మాట చెప్పడానికే.

మన జిల్లాలలో ఫోను అంటే ఏమిటి

అయితే ఫోను విసిరి పారేయండి అని చెప్పే హక్కు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఎవరికీ లేదనుకుంటాను. మనది వలసల సీమ. భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, విజయవాడ, చెన్నై వెళ్ళినవారు లేని ఊరు మనకు అరుదు. శ్రీకాకుళం జిల్లాకు పొడవైన సముద్రతీరం ఉన్నది. అయినా మన మత్స్యకారులు బ్రతుకుతెరువుకు గుజరాత్‌లోని వెరావల్ వరకు వెళ్ళి అక్కడి బోట్ల మీద పని చేస్తారు. చదువుకున్న పిల్లలు బెంగళూరు దాటి అమెరికా వరకు వెళ్ళారు. ఊళ్ళో మిగిలినది చాలాచోట్ల ముసలివారు, చిన్నపిల్లలు. వారికి ఫోను విలాస వస్తువు కాదు. ఇంటికి రాని కొడుకు గొంతు అందులోనే ఉన్నది.

2018 నవంబరులో గుజరాత్ తీరం నుండి వేటకు వెళ్ళి పాకిస్తాన్ అధికారుల చేతికి చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ ఏడాదికి పైగా కాలం వారి ఇళ్ళలోని స్త్రీలు ఏమి అనుభవించి ఉంటారో ఆలోచించండి. మోగని ఫోను ఎంత భారమో వారికి తెలిసినట్లు మనకు తెలియదు.

వైద్యశాస్త్రం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. ఏడాదిన్నర లోపు పసిబిడ్డలకు తెరలు చూపవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది. అయితే అందులో ఒక మినహాయింపు ఇచ్చింది: వీడియో కాల్. దూరాన ఉన్న తాతయ్య, అమ్మమ్మ మనుమడిని పలకరిస్తే దానిని బొమ్మల వీడియోతో సమానంగా చూడనక్కరలేదని దాని భావం. అవతలివైపు సజీవమైన మనిషి ఉండి, బిడ్డ నవ్వితే నవ్వుతాడు, ఏడిస్తే ఊరుకోబెడతాడు. తెర ఒకటే, దాని వెనుక ఉన్నది వేరు.

వైద్యసేవలోనూ అంతే. 2019లో మొదలైన ఈ-సంజీవని ద్వారా సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వంటి కొండ ప్రాంతాల రోగి తన ఊరి ఆరోగ్య కేంద్రంలో కూర్చుని దూరాన ఉన్న నిపుణునితో మాట్లాడగలడు. నా ఉద్యోగ కాలంలో ఇది ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కానీ ఆ తెరమీద నిపుణునికి కనిపించేది ముఖమే. కడుపు మీద చెయ్యి వేసి నొక్కి చూసేది, కాలు వాచినదో లేదో చెప్పేది, పక్కన ఉన్న నర్సమ్మే. ఆ చెయ్యి లేకపోతే దూరాన ఉన్న నిపుణుని విద్య సగమే పని చేస్తుంది.

రెండు తుపానులు, రెండు పాఠాలు

ఈ విషయంలో నాకు పుస్తకాలకంటె ఎక్కువ నేర్పినవి రెండు తుపానులు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆనాడు నేను విజయనగరంలో ఉన్నాను. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. మొదటి రెండు రోజులు అందరిదీ ఒకటే ఆందోళన. మూడో రోజు సాయంత్రం ఒక వింత చూశాను. మా వీధిలో ఎన్నడూ కనబడనివారు బయటకు వచ్చి అరుగుల మీద, విరిగిపడిన చెట్ల మొద్దుల మీద కూర్చున్నారు. ఎవరింట్లో నీళ్ళున్నవి, ఎవరికి ఇన్సులిన్ ఐస్ మీద ఉంచాలి, ఏ ముసలాయన ఒంటరిగా ఉన్నాడు అన్న సంగతులు గంటలో వీధంతా తెలిశాయి. మా ఎదురింటి కుర్రవాడికి నేను పులిజూదం నేర్పాను. అతని పేరు అప్పటిదాకా నాకు తెలియదు; ఆ వీధిలో నేను చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. కరెంటు తిరిగి వచ్చిన రాత్రి పిల్లలు కేరింతలు కొట్టారు. మరునాడు సాయంత్రం అరుగులు ఖాళీ.

రెండోది తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. తరాలుగా పెంచుకున్న కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. కొందరు మిత్రులతో కలిసి మందులు తీసుకుని అక్కడి ఊళ్ళకు వెళ్ళాను. ఒక ముసలమ్మ గాయానికి కట్టు కట్టించుకుంటూ నా చెయ్యి పట్టుకుని, "బాబూ, నా గుంటడు సెన్నపట్నంలో ఉన్నాడు. ఈ సంగతి ఇని ఏటయిపోతాడో. ఒక్కపాలి మాటాడించు బాబూ" అన్నది. నా ఫోనులోనూ సిగ్నలు లేదు. నెంబరు కాగితం మీద రాసుకున్నాను. తిరుగు ప్రయాణంలో టెక్కలి దాటాక సిగ్నలు వస్తే ఆ అబ్బాయికి ఫోను చేసి, "మీ అమ్మ క్షేమం, కాలికి చిన్న గాయం, కట్టు కట్టాను" అన్నాను. అవతలినుండి చాలాసేపు మాట రాలేదు.

విజయనగరంలో ఫోను లేకపోవడం మమ్మల్ని ఒకరికొకరిని చూపించింది. ఉద్దానంలో ఫోను లేకపోవడం ఒక తల్లీకొడుకులను నరకంలో ఉంచింది. వస్తువు ఒకటే. చెన్నైలోని కొడుకును పలాసకు దగ్గర చేసినప్పుడు అది మందు. ఎదురింటి కుర్రవాడిని పరాయివాడిని చేసినప్పుడు అది జబ్బు.

తోసివేయబడేవి ఏమిటి

ఇక శరీరం సంగతికి వద్దాము. తెర మన రోజులోనుండి ముఖ్యంగా మూడింటిని బయటకు నెడుతుంది.

మొదటిది నిద్ర. తెర వెలుగు మెలటోనిన్ అనే నిద్ర హార్మోనును కొంత తగ్గిస్తుంది. అంతకంటె పెద్ద నష్టం, చూస్తున్న విషయం మనసును మేల్కొలిపి ఉంచడం. పది నిమిషాలని మొదలుపెట్టిన వీడియోలు గంట మింగుతాయి. చాలినంత నిద్ర లేనివారికి రక్తపోటు, చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. "మందులు సరిగా వాడుతున్నా బీపీ తగ్గడం లేదు" అని వచ్చే వృద్ధులను నేను ముందుగా అడిగే ప్రశ్న, "రాత్రి ఫోను ఎక్కడ పెడతారు?" అని.

రెండవది పగటి వెలుగు. ఇది పిల్లలకు చాలా ముఖ్యం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, సగం బడులలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడు పెట్టారు. మూడేళ్ళ తరువాత మామూలు బడులలో 39.5 శాతం పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. ఆరుబయట గడిపిన బడులలో 30.4 శాతానికే. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. తైవాన్ 2010 నుండి బడిపిల్లలు రోజుకు రెండు గంటలు బయట ఉండేటట్లు ప్రోత్సహించి, ఏటేటా పెరుగుతున్న చూపు లోపాన్ని వెనక్కు మళ్ళించగలిగింది. గదిలోని దీపాల వెలుగు కొన్ని వందల లక్స్ మాత్రమే. బయట చెట్టు నీడలో కూడా అది వేలలో ఉంటుంది. ఆ వెలుగుకు కంటిలోని రెటీనాలో విడుదలయ్యే డోపమిన్ కనుగుడ్డు అతిగా సాగకుండా కాపాడుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కనుక ఫోను లాక్కొని పిల్లవాడిని గదిలోనే కూర్చోబెడితే సగం మేలే. వాడు బయటకు వెళ్ళాలి.

మూడవది కదలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, బడి వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు అవసరమని 2020లో చెప్పింది. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులైనా కండరాల బలానికి, నిలకడకు సంబంధించిన వ్యాయామాలు చేయాలని కూడా చెప్పింది. నా వయసువారు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి. కుర్చీలో గంటల తరబడి కూర్చుంటే తొడ కండరాలు కరుగుతాయి. అవి కరిగితే స్నానాల గదిలో కాలు జారినప్పుడు ఆపుకోలేము. తుంటి ఎముక విరిగి మంచాన పడిన తరువాత చేతిలో ఎంత మంచి ఫోను ఉంటే ఏమి లాభం?

ఇవి కాక కళ్ళు. తెర చూసేటప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిస్తాము. అందుకే కళ్ళు మండుతాయి, ఇసుక పడ్డట్లు గరగరలాడుతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని దానిని 20 సెకన్లపాటు చూడండి.

రెండూ ఉండవచ్చు

తెరకు, మట్టికి పొత్తు కుదరదని నేను అనుకోను. మన శ్రీకాకుళంలోనే అందుకు ఒక ఉదాహరణ ఉన్నది. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావుగారు, 1997 ఫిబ్రవరిలో కథానిలయాన్ని ప్రారంభించారు. తెలుగు కథల కోసమే కట్టిన గ్రంథాలయం అది. అక్కడి కథలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. డల్లాస్‌లో ఉన్న తెలుగువాడు కూడా అర్ధరాత్రి ఒక పాత కథ తెరిచి చదువుకోవచ్చు. అది తెర చేసిన మేలు. కానీ ఎవరో చేత్తో పాత పత్రికలు వెదికి తెచ్చి, దుమ్ము దులిపి, అరలలో సర్దితేనే ఆ తెరమీద కథ ఉన్నది. శ్రీకాకుళంలో ఉండి కూడా అక్కడికి ఒక్కసారైనా వెళ్ళనివారు మీలో ఉంటే, ఈ ఆదివారం పిల్లలను తీసుకుని వెళ్ళండి.

దీనికి ఎదురు దృశ్యం విజయనగరంలో చూశాను. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడుసార్లు గుడి నుండి కోట వరకు వెళ్ళి వస్తుంది. నా చిన్నతనంలో ఆ మాను కనబడగానే చేతులు జోడింపబడేవి. ఇప్పుడు చేతులు పైకి లేస్తున్నాయి, ప్రతి చేతిలో ఒక ఫోను. ముందున్నవారి ఫోను తెరలో వెనుకనున్నవారు సిరిమానును చూస్తున్నారు. నేను భక్తి గురించి ఉపన్యసించడం లేదు. దుబాయిలో ఉన్న కొడుక్కి ఒక నిమిషం వీడియో తీసి పంపండి, అది మంచి పనే. తరువాత ఫోను జేబులో పెట్టి, మీ భుజం మీదున్న పసివాడికి సిరిమానును వేలు పెట్టి చూపించండి.

ఒంటరిగా కష్టమైనది ఊరంతా కలిస్తే తేలిక. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా వడగావ్ గ్రామంలో 2022 నుండి ప్రతి సాయంత్రం ఏడు గంటలకు సైరను మోగుతుంది. గంటన్నరపాటు ఇళ్ళలో టీవీలు, ఫోన్లు పక్కన పెడతారు. ఒక్క ఇంట్లో ఆపితే పిల్లవాడు పక్కింటికి పరుగెత్తుతాడు. ఊరంతా ఆపితే పరుగెత్తడానికి చోటు ఉండదు. మన ఊళ్ళలో రామకోవెల ఉన్నది, దానిమీద మైకు ఉన్నది. గంటన్నర అక్కరలేదు, అరగంటతో మొదలుపెట్టవచ్చు.

నా మందుల చీటీ

వైద్యుడు మాట్లాడి ఊరుకోకూడదు, చీటీ రాయాలి.

ఒకటి. చెయ్యి చాచితే అందే దూరంలో మనిషి ఉండి మాట్లాడుతున్నప్పుడు ఫోనును బోర్లా పెట్టండి. మిగతా నియమాలన్నీ మరచిపోయినా ఇది మరవకండి.

రెండు. అన్నం తినేచోటికి, పడుకునేచోటికి ఫోను రానివ్వకండి. రాత్రి హాలులో ఛార్జింగుకు పెట్టి, గంట శబ్దం పెద్దది చేయండి. దూరాన ఉన్న పిల్లల నుండి అత్యవసరమైన కాల్ వస్తే వినబడుతుంది. లేచి నాలుగడుగులు నడిచి వెళ్ళి మాట్లాడవచ్చు.

మూడు. పిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట గడపాలి. ఎండ ముదరకముందు కొంత, సాయంత్రం కొంత. సెలవురోజున కళింగపట్నం తీరానికో, పక్షులు వచ్చే కాలంలో తేలినీలాపురానికో తీసుకువెళ్ళండి. చెట్ల కొమ్మలమీద గూళ్ళలో పిల్లలకు మేత పెట్టే పక్షిని చూడటానికి పిల్లవాడు దూరానికి చూపు సారించవలసిందే. రెండేళ్ళ నుండి నాలుగేళ్ళ పిల్లలకు తెర రోజుకు గంట మించరాదని, అంతకంటె తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోను ఇచ్చే తల్లులు, అమ్మమ్మలు దీనిని గమనించాలి.

నాలుగు. ఆదివారం ఇంటి పరీక్ష చేయండి. పెద్దవారి పాదాలు చూడండి. వాపు ఉన్నదా, పుండు ఉన్నదా. మధుమేహం ఉన్నవారికి కాలివ్రేళ్ళ సందులు కూడా చూడండి. వారు చేతుల ఆసరా లేకుండా కుర్చీలోనుండి లేవగలరేమో చూడండి. పిల్లవాడిని ఒక కన్ను మూసుకుని గోడమీది క్యాలెండరు అంకెలు చదవమనండి, తరువాత రెండో కన్ను. పది నిమిషాల పని. ఇవి వైద్యుని పరీక్షకు బదులు కావు. ఎప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్ళాలో చెప్పేవి.

ఐదు. ఇది ఊరు విడిచి వెళ్ళిన బిడ్డలకు. అమ్మానాన్నలకు వీడియో కాల్ చేసినప్పుడు ముఖం చూసి, "తిన్నారా?" అని అడిగి ముగించకండి. "అమ్మా, ఒకసారి లేచి ఆ గుమ్మం దాకా నడిచి రా" అనండి. ఆయాసపడుతున్నదా, గోడ పట్టుకుంటున్నదా చూడండి. పాదాలు చూపించమనండి. సిగ్గుపడి నవ్వుతుంది, అయినా చూపిస్తుంది. దూరాన ఉన్నవారికి ఫోను ఇచ్చిన వరం ఇది. దానిని పూర్తిగా వాడుకోండి.

ఒక హెచ్చరిక. ఎక్కువగా ఫోను చూసేవారందరూ వ్యసనపరులు కారు. కానీ ఆటమీద అదుపు తప్పి, చదువు, తిండి, స్నేహాలు వెనకబడి, నష్టం తెలిసి కూడా ఆపుకోలేని స్థితి ఏడాదిపాటు కొనసాగితే, దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది. లక్షణాలు తీవ్రంగా ఉంటే ఏడాది దాకా ఆగనక్కరలేదు. అటువంటి పిల్లవాడిని కొట్టకండి, ఫోను పగలగొట్టకండి. ప్రభుత్వపు టెలీ మానస్ నెంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆ సహాయం కూడా ఫోనులోనుండే వస్తుందని గుర్తుంచుకోండి.

నా సంగతితోనే ముగిస్తాను. వాట్సాప్ గ్రూపులను నేను విడిచిపెట్టలేదు. ఉదయం పది నుండి పదకొండు వరకు మాత్రమే చూస్తానని అందరికీ చెప్పాను, ఎవరూ నొచ్చుకోలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మేమిద్దరం వీధి చివరిదాకా నడిచి వస్తాము. వచ్చాక ఆమె అరుగుమీద కూర్చుంటుంది, నేను ఆమె చీలమండ పైన బొటనవ్రేలితో నొక్కి చూస్తాను. "ఏమున్నదండీ?" అని అడుగుతుంది. "ఏమీ లేదు" అంటాను. రోజు మొత్తంలో నేను వినాలనుకునే, చెప్పాలనుకునే మాట అదే.

మీ ఇంట్లో ఇప్పుడు మీకు చేతికందే దూరంలో ఎవరున్నారు? ఒకసారి తల ఎత్తి చూడండి. ఈ వారంలో వారి పాదాలు మీరు చూశారా?